పటంలో లేని మనిషి: సర్వీస్ డిజైన్ స్టూడియో బోధనపై ఒక విమర్శ

7.1 పరిచయం

బ్యాంకులో ఖాతా తెరవడం, ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకుని డాక్టరును చూసి మందులతో బయటికి రావడం, బస్సు పాసు కొత్తగా తీసుకోవడం. వీటిలో మనం ఇంటికి తెచ్చుకునే వస్తువు కంటే, మన ఎదుట కొంతమంది చేతుల మీదుగా జరిగే పనే ముఖ్యం. ఆ పని ఎలా జరగాలో ముందుగా ఆలోచించి రూపొందించడాన్ని సర్వీస్ డిజైన్ అంటారు. 1995లో జర్మనీలోని కొలోన్ నగరంలో బిర్గిట్ మాగర్ ఈ విషయానికి ఆచార్యురాలిగా నియమితులయ్యారు. ఆ తర్వాతి కాలంలో అనేక దేశాల విశ్వవిద్యాలయాల్లో ఇది పాఠ్యాంశంగా స్థిరపడింది.

విషయం కొత్తదే అయినా బోధించే పద్ధతి పాతది. భవన నిర్మాణ విద్యలో చాలాకాలంగా ఉన్న స్టూడియో పద్ధతినే ఇక్కడికి తెచ్చుకున్నారు. స్టూడియోలో ప్రతి విద్యార్థికీ ఒక బల్ల ఉంటుంది. సెమిస్టర్ మొదట్లో ఒక ప్రాజెక్టు ఇస్తారు. విద్యార్థులు గీస్తారు, నమూనాలు చేస్తారు, గోడకు అంటిస్తారు. అధ్యాపకులు బల్ల దగ్గరికే వచ్చి కూర్చుని, గీసినదాని మీద మాట్లాడతారు. చివర్లో కొందరు పెద్దలు జ్యూరీగా కూర్చుని ఆ పనిని అందరి ఎదుటా విమర్శిస్తారు. మూడు గంటల పరీక్ష రాసి బయటపడే అలవాటున్న మనకు ఇది కొంచెం భయం పుట్టించే పద్ధతే.

ఇల్లు గీయడం నేర్పిన ఈ పద్ధతి సేవను రూపొందించడం కూడా నేర్పగలదా? ఈ ప్రశ్నతో మనం రెండు రచనలను చదువుదాం. ఒకటి స్టూడియో గురించినది, రెండోది సేవను కాగితం మీద గీయడం గురించినది. రెంటిలోనూ గొప్ప బలం ఉంది. రెంటినీ కలిపి వాడినప్పుడు ఒక మనిషి జారిపోతున్నాడన్నదే ఈ పాఠంలోని వాదన.

7.2 కాగితం తిరిగి మాట్లాడినప్పుడు

డొనాల్డ్ షాన్ 1983లో ప్రచురించిన 'ది రిఫ్లెక్టివ్ ప్రాక్టీషనర్' అనే గ్రంథంలో ఒక స్టూడియో సంభాషణ ఉంది. పెట్రా అనే విద్యార్థిని ఒక ప్రాథమిక పాఠశాలను గీస్తోంది. స్థలం వాలుగా ఉంది. ఆమె అనుకున్న ఆకారం ఆ వాలులో ఇమడటం లేదు. క్విస్ట్ అనే అధ్యాపకుడు ఆమె బొమ్మల మీద పలచని కాగితం పరిచి, గీస్తూనే మాట్లాడతాడు, మాట్లాడుతూనే గీస్తాడు. ఇలా చేస్తే ఏమవుతుందో గీసి చూస్తాడు. గీసిన గీత ఆయన అనుకోని సంగతిని బయటపెడుతుంది. దాన్ని పట్టుకుని మళ్ళీ గీస్తాడు. పెట్రా అంతగా పట్టించుకోని నడవా, చివరికి మొత్తం భవనానికే కీలకమైనదిగా తేలుతుంది.

దీన్ని షాన్ పరిస్థితితో సంభాషణగా వర్ణించాడు. స్టూడియో ఎందుకు పనిచేస్తుందో ఇంత స్పష్టంగా చూపిన రచనలు తక్కువ. అయితే మీరు ఆ అధ్యాయం చదివితే ఒక విషయం గమనిస్తారు. మాటలన్నీ దాదాపు క్విస్ట్‌వే. పెట్రా నోరు విప్పేది తక్కువ. దీన్ని పలువురు విమర్శకులు ఇప్పటికే ఎత్తిచూపారు కనుక మనం ఇక్కడ ఆగనక్కర్లేదు.

మన ప్రశ్న వేరు. ఆ సంభాషణలో కాగితం ఎందుకు తిరిగి మాట్లాడగలిగింది? వాలు కాగితం మీద ఉంది కాబట్టి. భూమి ఎత్తుపల్లాలను కొలిచి గీసిన రేఖలు అక్కడ ఉన్నాయి. తప్పు గీత గీస్తే ఆ రేఖలు ఒప్పుకోవు. పెట్రాకు అడ్డుపడింది అధ్యాపకుడి ఇష్టాయిష్టాలు మాత్రమే కాదు, ఆ నేల కూడా. ఇప్పుడు సేవ సంగతి ఆలోచించండి. కౌంటరు వెనక కూర్చున్న ఉద్యోగి అలసట, వరుసలో నిల్చున్న ముసలమ్మ తడబాటు, సర్వర్ ఆగిన పది నిమిషాల్లో గదిలో పెరిగే చికాకు: వీటికి ఎత్తుపల్లాల రేఖలు ఎవరు గీశారు? ఎవరూ గీయకపోతే కాగితం దేనికీ అడ్డు చెప్పదు. ఏ గీతైనా అందంగానే కనిపిస్తుంది.

7.3 రెండు నిమిషాల బూట్ పాలిష్

ఆ రేఖలు గీయడానికి చేసిన తొలి గట్టి ప్రయత్నాల్లో లిన్ షోస్టాక్ రాసిన వ్యాసం ఒకటి. ఆమె బ్యాంకు ఉన్నతాధికారి. 1984లో 'హార్వర్డ్ బిజినెస్ రివ్యూ'లో వచ్చిన ఆ వ్యాసమే సర్వీస్ బ్లూప్రింట్ అనే పటాన్ని ప్రచారంలోకి తెచ్చింది. నేటికీ సర్వీస్ డిజైన్ విద్యార్థులు మొదట్లోనే నేర్చుకునే పటాల్లో ఇది ఒకటి.

ఆమె ఎంచుకున్న ఉదాహరణ వీధి మూలన బూట్ పాలిష్. పటంలో నాలుగు గడులు: బ్రష్ చేయడం 30 సెకన్లు, పాలిష్ పూయడం 30, మెరుగు పెట్టడం 45, డబ్బు తీసుకోవడం 15. మొత్తం రెండు నిమిషాలు. తప్పు రంగు పాలిష్ పూసే ప్రమాదం ఉన్నచోట ఒక గుర్తు. కింద దృశ్యరేఖ, అంటే వచ్చినవారికి కనిపించే పనికీ కనిపించని పనికీ మధ్య గీసిన గీత. పాలిష్ డబ్బాలు కొని తెచ్చుకోవడం వంటి పనులు ఆ గీతకు దిగువన ఉంటాయి.

ఆ తర్వాత లెక్క వస్తుంది. ధర 50 సెంట్లు. పనివాడి కాలానికి నిమిషానికి 10 సెంట్లు, పాలిష్‌కు 3, ఇతర ఖర్చులకు 9. రెండు నిమిషాల్లో ముగిస్తే 18 సెంట్లు మిగులుతాయి. మూడు నిమిషాలైతే 8. నాలుగు నిమిషాలైతే 2 సెంట్ల నష్టం. కాళ్ళు చాపి కూర్చున్న మనిషి అయిదు నిమిషాల దాకా ఓర్చుకుంటాడు. అంటే అతనికి విసుగు పుట్టకముందే వ్యాపారం నష్టంలోకి దిగిపోతుంది! ఈ సంగతి గీస్తే తేలింది. క్విస్ట్ పలచని కాగితం చేసిన పనే ఇక్కడ గడియారం చేసింది. ఈ చిన్న పటం నలభై ఏళ్ళు నిలవడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు మళ్ళీ చూడండి. ఈ పటంలో పాలిష్ చేసే మనిషి ఎక్కడున్నాడు? నిమిషానికి 10 సెంట్లు, అంతే. అతను ఆలస్యం చేస్తే పటానికి తెలిసిన అర్థం ఒక్కటే: నష్టం. బూటు బురదలో తడిసి ఉండవచ్చు, తోలు పగిలి ఉండవచ్చు. రేపు మళ్ళీ రావాలని నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడి ఉండవచ్చు. మన రైల్వే స్టేషన్లలో పాలిష్ పెట్టె పట్టుకున్న వ్యక్తిని గుర్తుచేసుకోండి. బ్రష్షుతో పెట్టె మీద టకటకా కొట్టి పిలుస్తాడు. ముఖం కంటే ముందు కాళ్ళు చూస్తాడు. ఎవరి రైలుకు ఇంకా సమయం ఉందో అంచనా కడతాడు. అతని సంపాదన సగం ఆ చూపులోనే ఉంది. ఆ చూపుకు పటంలో గడి లేదు.

షోస్టాక్‌ను దీనికి తప్పుపట్టడం న్యాయం కాదు. ఆమె రాసింది యాజమాన్యాల కోసం, ఆ సంగతి దాచలేదు కూడా. యాజమాన్యం కోసం చేసిన పనిముట్టును స్టూడియోలో సేవ యొక్క పూర్తి చిత్రంగా వాడినప్పుడే చిక్కు మొదలవుతుంది.

7.4 జ్యూరీ ముందు ఒక ఆదాయ ధ్రువపత్రం

మనకు దగ్గరి ఉదాహరణ తీసుకుందాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో మీసేవ మొదలైంది. ఆదాయ ధ్రువపత్రానికి మీలో చాలామంది ఆ కౌంటరు ముందు నిలబడే ఉంటారు. ఒక విద్యార్థి బృందం దీన్నే స్టూడియో ప్రాజెక్టుగా తీసుకుందనుకోండి. వాళ్ళు నలుగురైదుగురు దరఖాస్తుదారులతో మాట్లాడతారు. రంగురంగుల చీటీలు గోడకు అంటిస్తారు. దృశ్యరేఖకు పైన కౌంటరు, దిగువన విచారణ, తహశీల్దారు సంతకం పెట్టి చక్కటి పటం గీస్తారు. 'దరఖాస్తు స్వీకరణ: 5 నిమిషాలు' అని ఒక గడి. దాన్ని రెండు నిమిషాలకు తగ్గించే యాప్ ఒకటి ప్రతిపాదిస్తారు. జ్యూరీకి నచ్చుతుంది. నచ్చకపోవడానికి కారణం కనిపించదు మరి.

ఆ అయిదు నిమిషాల్లో కౌంటరు వద్ద ఏం జరుగుతుంది? ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, రేషన్ కార్డులో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. 'ఇట్లా పెడితే వెనక్కి వస్తదమ్మా, ముందు ఇది సరిచేయించుకో' అని అనుభవమున్న ఆపరేటర్ చెబుతాడు. ఆ మాటకు పట్టిన మూడు నిమిషాలు దరఖాస్తుదారుకు ఒక రోజు కూలీని, రెండు బస్సు చార్జీలను మిగులుస్తాయి. యాప్ మిగిల్చింది ఆ మూడు నిమిషాలనే. పటంలో అది వృథాగా కనిపించింది.

ఈ లోపం స్టూడియోలకు తెలియనిది కాదు. అందుకే చాలాచోట్ల సేవను నటించి చూస్తారు: ఒకరు గుమాస్తా, ఒకరు దరఖాస్తుదారు. మంచిదే, కాగితం కంటే మేలు. కానీ విద్యార్థి నటించే గుమాస్తా ఆ విద్యార్థి ఊహించుకున్న గుమాస్తానే. నా అభిప్రాయంలో చేయవలసిన పని ఇంకా సులువైనది. జ్యూరీలో ఒక కుర్చీ ఆ సేవను రోజూ చేసే మనిషికి ఇవ్వాలి. భవనం పటానికి వాలు చేసిన పనిని ఇక్కడ ఆ మనిషి చేస్తాడు.

దీనికి అభ్యంతరం ఉంది, అది బలమైనదే. పనిచేసేవారు తమ అలవాట్లను సమర్థించుకుంటారు. కొన్ని సంగతులు చెప్పరు. ఆపరేటర్ పెట్టే ప్రతి ఆలస్యమూ దరఖాస్తుదారు మేలుకోసమే కాదు. నిజమే. అయితే జ్యూరీలో కూర్చున్న ఆచార్యుడికీ తన అలవాట్లు ఉంటాయి. అక్కడ ఎవరి మాటా తీర్పు కాదు, వాదనకు దిగాల్సిందే. ఇప్పటి లోటు ఏమిటంటే ఆ వాదనలో ఒక పక్షం అసలు గదిలోనే లేదు.

7.5 బల్ల లేని విద్యార్థి

మీకు స్టూడియో లేదు. దీన్ని తేలిగ్గా తీసుకోలేం. పక్క బల్ల మీద తోటి విద్యార్థి చేసిన తప్పును రోజూ చూడటం వల్ల వచ్చే చదువు పోస్టులో వచ్చే ఈ పుస్తకంతో రాదు. కానీ మీలో కొందరు ఆర్టీసీ కండక్టర్లు, ఆశా కార్యకర్తలు, మందుల షాపులో, బ్యాంకులో పనిచేసేవారు ఉంటారు. దృశ్యరేఖకు దిగువన ఏముందో మీకు అధ్యాపకులకంటే బాగా తెలుసు. గృహిణులైతే రేషన్ దుకాణం వరుస మీకు తెలుసు.

అభ్యాసం: మీకు తెలిసిన ఒక సేవను షోస్టాక్ పద్ధతిలో ఒక తెల్లకాగితం మీద గీయండి. గడులు, నిమిషాలు, దృశ్యరేఖ అన్నీ పెట్టండి. తర్వాత ఆ పని చేసే మనిషి దగ్గరికి, రద్దీ లేని వేళ చూసుకుని, వెళ్ళండి. వివరించడం మొదలుపెట్టకుండా కాగితంతోపాటు ఒక పెన్సిలు చేతికివ్వండి. మీరు ఆ పని చేసేవారే అయితే మీతోపాటు పనిచేసే ఇంకొకరికి ఇవ్వండి. వారు ఏ గడి కొట్టేశారో, ఎక్కడ కొత్తది గీశారో, ఏ నిమిషాల దగ్గర నవ్వారో పక్కన రాసుకోండి. ఆ కాగితాన్ని శుభ్రంగా తిరిగి రాయకుండా అలాగే సంపర్క తరగతికి తీసుకురండి.