"నేడు మన సమాజంలో..."

మా పక్కవాటా వాళ్ళమ్మాయి ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. మొన్న సాయంత్రం నేను చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే వచ్చి, "పిన్నిగారూ, కాస్త చూసిపెట్టరూ? వ్యాసరచన పోటీకండీ" అంటూ నాలుగు కాగితాలు నా ఒళ్ళో పెట్టింది. విషయం ఆడపిల్లలకు ఉన్నత విద్య.

"నేడు మన సమాజంలో" అని మొదలైంది. అక్కడే నాకు సగం ప్రాణం పోయింది. తరవాత గార్గి, మైత్రేయి, రుద్రమదేవి ముగ్గురూ బస్సులో ఒకే సీట్లో ఇరుక్కున్నట్టు ఒకే వాక్యంలో కూర్చున్నారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, దస్తూరి ముత్యాలే! కానీ మూడో పేజీకి నాకు ఆవులింత వచ్చింది. ఆడపిల్లలు చదువుకోవాలని నేనెప్పుడో ఒప్పుకున్నాను కదా, మరి ఈ పిల్ల ఒప్పిస్తున్నది ఎవర్ని?

తమాషా ఏమిటంటే, ఒప్పించడం ఈ పిల్లకి బాగా తెలుసు. కిందటేడు పక్క ఊరి కాలేజీలో చేరతానంటే వాళ్ళ నాన్నగారు ససేమిరా అన్నారు. రెండు వాటాలకీ మధ్య ఒకటే గోడ కనక, వద్దన్నా నా చెవిన పడింది. "మీ భయం నిజమే నాన్నా, చీకటి పడ్డాక ఆ రోడ్డులో దీపాలుండవు" అని మొదలుపెట్టింది. క్లాసులు నాలుగింటికి అయిపోతాయంది, నాలుగుంపావుకి బస్సుందంది, మన వీధి పిల్లలే ఇద్దరు వెళ్తున్నారంది. బస్సు తప్పితే స్టాండు పక్కన బాబాయి మందుల షాపుందంది. కాసేపు పేపరు తిప్పిన చప్పుడు. ఆ తరవాత ఆయన గొంతు: "పాసు ఎంతన్నావూ?"

మరి ఆ తెలివంతా వ్యాసంలో ఏమైందే అంటే, "అలాంటివి వ్యాసంలో రాస్తారాండీ, మార్కులు తీసేస్తారు!" అంది. పిల్లననడానికి లేదు. గైడ్లు చదివీ చదివీ, వ్యాసమంటే ఎదుట ఎవరూ లేకుండా చేసే ఉపన్యాసమనుకుంటున్నారు.

మన పెద్దలు అలా రాయలేదు. వితంతు వివాహానికి శాస్త్రం ఒప్పుకోదన్నవాళ్ళకి వీరేశలింగం పంతులుగారు జాలి ఒక్కటే చూపించి ఊరుకోలేదు, పరాశర స్మృతినే తెచ్చి ముందు పెట్టారు. గిడుగు రామమూర్తిగారైతే (1863-1940) ఇంకా గడుసు. వాడుకభాషలో వ్యాకరణం లేదన్న పండితుల పుస్తకాలే తిరగేసి, వాళ్ళ వ్యాకరణానికే వ్యతిరేకంగా వాళ్ళు రాసిన ప్రయోగాలు ఏరి, "బాలకవి శరణ్యం"లో వరసగా పేర్చారు. బియ్యంలో రాళ్ళేరడానికి ఉండే ఓపిక అది. కోపంతో రాసిన వంద వాక్యాలు అంత పని చెయ్యవు.

అన్నిటికంటే నాకిష్టమైంది బండారు అచ్చమాంబగారి "అబలా సచ్చరిత్ర రత్నమాల", 1901 నాటిది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారి సాయంతో ఇంట్లోనే చదువుకున్న ఇల్లాలు. ఆడవాళ్ళు బలహీనులనీ, తెలివిలేనివాళ్ళనీ, చదివిస్తే చెడిపోతారనీ లోకం అంటుంటే, ఆ మాటలనే ఎదుట నిలబెట్టి, వాటికి జవాబుగా స్త్రీల జీవితాలు ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. పేర్లు జాబితా వెయ్యలేదు, కథ చెప్పారు.

అయితే మా అమ్మాయి వ్యాసంలోనూ గొప్పవాళ్ళే ఉన్నారు కదా, అది ఎందుకు చప్పగా ఉంది? నాకు తోచిందేమిటంటే, ఆనాడు ఆక్షేపణ ఆడదాని బుర్ర మీద. దానికి విదుషీమణులే సరైన జవాబు. ఇవాళ ఏ తండ్రీ "నా కూతురికి తెలివి లేదు" అనడం లేదు. "డిగ్రీ చదివిస్తే అంతకంటే చదివినవాణ్ణి తేవాలి, దానికి తగ్గ కట్నం నేనెక్కణ్ణించి తేను?" అంటున్నాడు. కట్నం 1961 నుంచీ నేరమే, అయినా లెక్క మాత్రం ఆ తండ్రి మనసులో ఉంది. ఆ లెక్కకి గార్గి ఏం జవాబు చెబుతుంది పాపం!

ఈ మాటే అంటే పిల్ల కలం కొరుకుతూ కూర్చుంది. "కట్నం సంగతి రాస్తే నాన్న చూస్తారేమోనండీ" అంది మెల్లిగా. "చూడనీ" అన్నాను, నాదేం పోయింది గనక!

మర్నాడు కొత్త కాగితాలు తెచ్చింది. "మా నాన్నగారికి ఒక భయం ఉంది" అని మొదలైంది. రెండుచోట్ల అక్షరదోషాలు, ఒకచోట కొట్టివేత. ఈసారి నేను చిక్కుడుకాయలు పక్కన పెట్టి చదివాను. కట్నానికి దాస్తున్న డబ్బులో ఎంతతో తన చదువు పూర్తవుతుందో అణాపైసలతో లెక్క కట్టింది. ఒకచోట మాత్రం తండ్రి మీద కొంచెం ఎక్కువే విరుచుకుపడింది, ఆ నాలుగు వాక్యాలూ కొట్టేయించాను.

పోటీ ఫలితాలు ఇంకా రాలేదు. వ్యాసం చిత్తు ప్రతి మాత్రం వాళ్ళ నాన్నగారి దగ్గరే ఉందిట. అడిగితే "ఇంకా చదువుతున్నాను" అన్నారట.