థోరో నడకలో మా అమ్మ ఎక్కడ?

హెన్రీ డేవిడ్ థోరో అనే అమెరికా రచయిత రాసిన 'వాకింగ్' వ్యాసాన్ని ఈ సెలవుల్లో చదివాను. ఆయన 1862 మే నెలలో చనిపోయారు. జూన్ 'అట్లాంటిక్ మంత్లీ' పత్రికలో ఇది అచ్చయింది. ఇంగ్లిషు కష్టంగానే ఉంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని, అర్థం కానిచోట మా సారుని అడిగి పూర్తి చేశాను.

నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. మనం ఉండేచోటికి 10 మైళ్ళ లోపల, అంటే 16 కిలోమీటర్ల లోపల ఉన్న నేల 70 ఏళ్ళు తిరిగినా పూర్తిగా తెలిసిపోదంటారు. బ్రూక్‌ఫీల్డ్ నుంచి లెక్కేస్తే కుందలహళ్ళి చెరువు, వర్తూరు చెరువు, కాడుగోడి, హొసకోటె అన్నీ అందులోనే వస్తాయి. ఇక్కడే పుట్టి పెరిగిన నేను వీటిలో సగం చూడలేదు. నంది కొండకి మాత్రం కారు మాట్లాడుకుని రెండుసార్లు పోయొచ్చాం!

అయితే మొదట్లోనే ఆయన ఒక షరతు పెడతారు. అమ్మానాన్నల్ని, తోబుట్టువుల్ని, భార్యాబిడ్డల్ని వదిలేసి, మళ్ళీ చూడకపోయినా సరే అనుకున్నవాడే నడకకి సిద్ధమైనట్టట. ఇది నేను ఒప్పుకోను. 1845 నుంచి రెండేళ్ళు ఆయన ఒంటరిగా ఉన్న వాల్డెన్ చెరువు గుడిసె సొంత ఊరికి రెండు మైళ్ళు కూడా లేదు. అప్పుడు కూడా ఇంటికి వచ్చి పోతూనే ఉండేవారు. ఇల్లు వదిలింది రాతలోనే.

ఇంకోచోట, ఇళ్ళలోనే ఉండిపోయే ఆడవాళ్ళు దాన్నెలా ఓర్చుకుంటున్నారో తెలియదంటారు. గుర్తొచ్చినందుకు సంతోషం. కానీ ఒక్క మాటతో దాటిపోకుండా, ఎవరినైనా అడిగుంటే బాగుండేది. రోజుకి కనీసం నాలుగు గంటలు నడవకపోతే తనకి ఆరోగ్యం నిలవదన్నారు. మా ఇంట్లో ఆ నాలుగు గంటలు ఎవరికి దొరుకుతాయి?

కుందలహళ్ళి చెరువు దాకా పోయొస్తానంటే అమ్మ "ఒక్కదానివే యాడికి పోతావు? తమ్ముణ్ణి తీసుకపో" అంది. వాడు నాకన్నా నాలుగేళ్ళు చిన్న. వాడు నాకేం కాపలా? రెండు రోజులు బతిమాలితే, ఆదివారం ఆరున్నరకి పోయి ఏడున్నరకల్లా రమ్మంది.

చెరువులో ఒక నీటికాకి రెక్కలు చాపి ఎండకి ఆరబెట్టుకుంటోంది. పక్కన 'పద పద' అనేవాళ్ళు లేరు. అది ఎగిరిపోయేదాకా నిలబడి చూశాను. అడవిలో నడుస్తూ బయటి సంగతులు ఆలోచిస్తుంటే ఇక అడవికెందుకు రావడం అని థోరో అడుగుతారు. నిజమే. కానీ ఆ పది నిమిషాల్లో నేను మూడుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాను, ఎవరైనా వస్తున్నారేమోనని. ఆ సంగతి ఆయన వ్యాసంలో లేదు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. ఇన్నేళ్ళుగా ఇక్కడున్నా ఆమె ఆ గట్టు మీదికి ఒక్కసారీ పోలేదట. "నీటికాకా? మా ఊరి చెరువులో శానా ఉండేవి" అని కాసేపు ఊరుకుంది. తర్వాత, "వచ్చే ఆదివారం నువ్వు తమ్ముడికి టిఫిన్ పెట్టు. నేనొక్కదాన్నే పోయొస్తా" అంది.