పలనాటి వీరకథలో మలుపులును మహిమలును

పలనాటి వీరకథను గూర్చి పండితులలో నొక వాదము చిరకాలమునుండి కలదు. కథలోని మహిమల నన్నిటిని తీసివైచి మిగిలినదానినే చరిత్రమని గ్రహింపవలెనని కొందరు చెప్పుచున్నారు. మహిమలు లేనిచో నది దాయాదుల పోరు మాత్రమే యగును గాని వీరగాథ కాజాలదని మరికొందరు చెప్పుచున్నారు. ఇరుతెగలవారును మహిమలు కథకు వెలుపలనుండి వచ్చి చేరినవనియే తలచుచున్నారు. ఒకరి కవి దుమ్ము. వేరొకరి కవి నగలు. కథను మలుపులు త్రిప్పునది యెవరు, మహిమలు నిలిచిన చోటు లెవ్వి యను రెండు ప్రశ్నలను విడదీసి చూచినవారు తక్కువ.

ఈ సీమలోనే యీ చిక్కునకు పోలిక యొకటి దొరకును. నాదెండ్లవారి పేరు మన వాఙ్మయమున రెండుచోట్ల వినబడును. కొండవీటి నేలిన నాదెండ్ల గోపమంత్రి సంస్కృతమున ప్రబోధచంద్రోదయమునకు చంద్రిక యను వ్యాఖ్యను రచించెను. అప్పామాత్యుడు మాదయగారి మల్లనచే రాజశేఖరచరిత్రమును కృతినందెను. ఇరువురును సాళువ తిమ్మరుసునకు మేనల్లుండ్రు. వివేకము, మోహము మొదలగు గుణములే పాత్రలై పోరాడు నాటకమును గాని, కల్పితుడైన రాజకుమారుని ప్రబంధమును గాని చదువునపుడు ‘ఇది జరిగినదా?’ యని యే పండితుడును అడుగడు. ఆ నాదెండ్లకు పడమట నున్న కార్యమపూడి కథను చదువునపుడు మాత్రము పుటపుటకు నా ప్రశ్న యెదురగును. నాగులేరు నేటికిని పారుచున్నది. ఊళ్ల పేర్లు మాసిపోలేదు. వీరుల యాయుధములు పూజలందుచున్నవి. నిజమైన నేలపై నిలిచిన కథ యగుటచేతనే యిచ్చట మహిమ పరీక్షకు నిలువవలసి వచ్చినది.

గ్రంథస్థితిని ముందుగా చెప్పవలెను. శ్రీనాథునిదిగా ప్రసిద్ధమైన మంజరీద్విపద భాగమును గుత్తికొండ వాస్తవ్యులైన అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో పీఠికతో ప్రకటించిరి. అందున్నది ప్రధానముగా బాలచంద్రుని యుద్ధకథ. కర్తృత్వవివాద మిచ్చట నప్రస్తుతము. కథాశేషము తరువాతి ద్విపదలలో కొంతయు, వీరవిద్యావంతుల నోళ్లలో నంతకంటె నెక్కువయు నున్నది. ఆలిసెట్టి గాలేయ పాడిన కథను జీన్ రోఘైర్ సేకరించి ఆంగ్లమున ననువదింపగా, నది 1982లో ఆక్స్‌ఫర్డు ముద్రణగా వెలువడినది. క్రీడాభిరామమున ఓరుగంటి వీథిలో నీ వీరుల కథను పాడుట వర్ణితమై యుండుటచే, గానసంప్రదాయము ప్రాచీనమైనదే యని తేలుచున్నది.

ముద్రితద్విపదలో మహిమలు తక్కువ. గాయకుల కథలో నెక్కువ. ఇంతమాత్రముచేత ‘మహిమలు తరువాతివారు చేర్చినవి’ యని నిర్ణయించుట పరిపాటి యైనది. ఈ యనుమానము బలమైనది కాదు. ముద్రితభాగము కథకు నడుము వంటిది. తల్లి, భార్య, వేశ్య, స్నేహితుడు, శత్రువు — వీరినడుమ నొక యువకుని కొన్నిదినముల కథ యది. మహిమలకు తావైన చోటులు కథాదియు కథాంతమును. అనుగురాజు పాపనివృత్తికై యుత్తరమునుండి చేసిన యాత్ర, బ్రహ్మనాయుడు విష్ణ్వంశజుడను ప్రతీతి, బాలచంద్రుని జననముతో ముడివడిన దుష్టజోస్యము ముందున్నవి. రణానంతరమున బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలమున ప్రవేశించుటయు, మృతవీరులు పూజ్యులగుటయు వెనుకనున్నవి. నడుమ నున్న తునకను మాత్రమే చేతబట్టుకొని, తలయందును పాదములయందును నున్నదానిని లేదనుట తగునా?

ఇక మలుపులు. మొదటిది నాగమ్మ మంత్రిత్వము. ఎండవేళ పరివారముతో వచ్చిన రాజునకు పందిళ్లు వేయించి, విందుచేసి, వరమడుగుమనగా నామె యడిగినది ఏడు ఘడియల మంత్రిత్వము. అపు డది నవ్వులాటగా దోచినది. ఆ మాటను మూటగట్టి దాచుకొని, సమయమెఱిగి చెల్లించుకొన్నది. ఏడు ఘడియలు చెల్లినవి గాని మంత్రిత్వము చెల్లలేదు. కైకవరములతో దీనిని పోల్చుట కలదు. పోలిక పైపైదే. కైక యడిగినది కొడుకునకు. నాగమ్మ యడిగినది తనకు. అంతకంటె ముఖ్యమైనది, వరమను మాట యున్నను దేవతగాని తపస్సుగాని యిచ్చట లేకుండుట. ఒక పూటయన్నమునకు రాజు తొందరపడి పలికిన మాటయే కథను మలుపు త్రిప్పినది. భూస్వామిని యైన యొక స్త్రీ బుద్ధిబలముచే రాజ్యతంత్రమును చేకొనుట 12వ శతాబ్ది కథలో నెట్టి విస్మయమో యాలోచించినచో, నింతకు మించిన మహిమ యచ్చట నక్కరలేదని తోచును.

రెండవ మలుపు కోడిపోరు. వివాదమంతయు నిచ్చటనే తెగవలసి యున్నది. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెనని పందెము. బ్రహ్మనాయుని పుంజు ఓడినది. నాగమ్మ మోసము చేసినదని జనశ్రుతి. విష్ణ్వంశజుడని కథ మొదటినుండి చాటిన పురుషుడు కోడిపందెములో నేల యోడవలెను? మోసమును గుర్తింపలేకపోయిన దైవత్వ మేమి దైవత్వము? గుర్తించియు నూరకుండినచో, వేలకొలది జనుల చావునకు బాధ్యుడెవ్వడు? చరిత్రవాదులు ‘బ్రహ్మనాయుడు మనుష్యుడే, ఓడినాడు’ అని యొకమాటతో ముగింతురు. భక్తివాదులు ‘అంతయు లీల’ యని మఱియొకమాటతో ముగింతురు. రెండును సమాధానములు గావు. ప్రశ్నను మూసివేయు మూతలు.

ఆనందవర్ధను డీ ప్రశ్నను 9వ శతాబ్దిలోనే, అదియు మన యాంధ్రరాజు నుదాహరించియే చర్చించెను. ధ్వన్యాలోకము తృతీయోద్ద్యోతమున, కేవలమానుషుడైన రాజు సప్తసముద్రములు దాటెనని వర్ణించినచో నెంత సొగసుగా చెప్పినను నీరసమగుననియు, దానికి కారణ మనౌచిత్యమనియు నాతడు చెప్పును. సాతవాహనాదులు నాగలోకమునకు పోయిన కథలు వినబడుచున్నవి గదా యని యాక్షేపము తెచ్చి, రాజుల ప్రభావాతిశయమును వర్ణించుట దోషము గాదనియు, కేవలమానుషమును కల్పించి యందు దివ్యోచితమును జొప్పించుటయే దోషమనియు, దివ్యమానుషములు రెండును గలిసిన పాండవాదుల కథలవంటి వానియందు రెంటికిని తావున్నదనియు సమాధానము చెప్పెను. ఈ కొలతతో చూచినచో బ్రహ్మనాయుని యందు దివ్యము, నాగమ్మ యందు మానుషము. కథ రెండవజాతికి చెందినది. దోషము శాస్త్రదృష్ట్యా లేదు. కాని శాస్త్రము దోషము లేదని చెప్పును గాని, గుణమెచ్చట నున్నదో వెదకి చూపదు.

గుణము భారతముతో పోల్చినపుడు కనబడును. జూదమునకు కోడిపోరు, అరణ్యవాసమునకు మండాది వలస, గోగ్రహణమునకు మందపోరు, కృష్ణరాయబారమునకు అలరాజు రాయబారము, అభిమన్యునకు బాలచంద్రుడు — పాఠశాలలలో నీ పోలికల పట్టిక చెప్పించుట వాడుక. పట్టిక సరియైనదే, దానినుండి తీయు ఫలితము, అనగా నిది భారతానుకరణమనుట, సరియైనది కాదు. భారతమున రాయబారిగా పోయినవాడు దేవుడు. బంధింపబూనినపుడు విశ్వరూపము చూపి బయటపడెను. పలనాటి కథలో దైవాంశగలవాడు పోలేదు. పోయినవాడు నలగామునకు స్వయముగా నల్లుడైన యువకుడు. అతడు చర్లగుడిపాడున విషప్రయోగమున చచ్చెను. భార్య పేరమ్మ సహగమనము చేసెను. విశ్వరూపమునకు తగిన చోటనే విశ్వరూపము లేకపోయినది. మండాదిలో లంకన్న పసులమందను కాచుచు పడినపుడును ఆకాశమునుండి చేయి సాగలేదు. గాయకులకు భారతము తెలియదని చెప్పుటకు వీలులేదు. తెలిసియే యా పట్టున మహిమను ఆపిరి. మలుపు తిరుగు ప్రతిచోటను మనుష్యుని మాట, మనుష్యుని మోసము, మనుష్యుని పంతము మాత్రమే పనిచేయుచున్నవి. మహిమ యా మాటకు ముందు నీడవలె పడును, లేదా తరువాత ముద్రవలె పడును. చిక్కును విప్పుటకు మాత్రము రాదు.

బాలచంద్రుని ఘట్టములయందు నిదియే పద్ధతి. బొంగరములాటలో బొంగరము తగిలి గాయపడిన వైశ్యకన్య యన్నమ్మ పలికిన యెత్తిపొడుపు మాట యాతనిని రణమునకు పంపినది, దేవతయాజ్ఞ కాదు. అనపోతురాజు బ్రాహ్మణుడు గనుక రణమున చావరాదని మాంచాల కోరగా, బాలచంద్రు డొక మిషమీద నాతనిని వెనుకకు పంపెను; స్నేహితుడు మోసమెఱిగి ప్రాణము విడిచెను. ప్రాణము కాపాడుటకు చేసిన యుపాయమే ప్రాణము తీసిన యీ ఘట్టమునకు సాటి మన పురాణములలో సులభముగా దొరకదు. జోస్యములు బాలచంద్రుని చావును చెప్పినవి. అనపోతుని చావును చెప్పలేదు. శ్రోత కన్నీరు పెట్టునది చెప్పనిదానికే.

ఇచ్చట నొక యాక్షేపము రావచ్చును. కథాంత మందరికి తెలిసినదే యైనపుడు మలుపునకు విస్మయ మెక్కడిది? కార్యమపూడిలో కార్తికామావాస్య మొదలు ఐదుదినములు జరుగు వీరారాధనోత్సవము దీనికి జవాబు చెప్పుచున్నది. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనునవి వరుసగా నా దినముల పేర్లు. కథలో మొదట కోడిపోరు, పిదప మందపోరు, ఆపైని రాయబారము. ఉత్సవమున నీ మూడును సరిగా తలక్రిందులైనవి! కార్యము ముందును కారణము వెనుకను వచ్చుచున్నవి. ‘ఏమగునో’ యను కుతూహలమునకు గాక ‘ఎందుల కిట్లాయెను’ అను వెనుకచూపునకే యీ క్రమము తగియున్నది. రాయబారి చావును ముందుగా చూచినవానికి, తుదను వచ్చు కోడిపోరు వినోదముగా కనబడదు. ఈ వరుసకు ఆచారకారణములు వేఱుగా నుండవచ్చును. దాని ఫలితము మాత్ర మిది.

ఇట్టి వివాదము పలనాటికే పరిమితము గాదు. నేటి యువకులు యంత్రములపై నాడు వీడియో గేములలో నిది క్రొత్తరూపమున పుట్టినది. నాటీ డాగ్ సంస్థ 2007 మొదలు వెలువరించిన ‘అన్‌చార్టెడ్’ అను సాహసక్రీడామాలిక యందు నాయకుడు ప్రాచీననిధులను వెదకుచు పోవును. మొదటి కథలో చాలభాగము తుపాకులును శత్రువులును మాత్రమే. తుదిభాగమున హఠాత్తుగా శాపముచే వికృతులైన మనుష్యులు మీదపడుదురు. 2009 నాటి రెండవ కథలో వెదకునది చింతామణి, చేరునది శంభల. అందలి వింతరక్షకులు హిమాలయముల మంచులో ముందే కనబడుటచే తుద కొంత సిద్ధపడియుండును. 2011 నాటి మూడవదానిలో కనబడిన భూతములు విషజలము త్రాగుటచే గలిగిన భ్రాంతియని తేలును. 2016 నాటి నాలుగవదానిలో మహిమయే లేదు. నాలుగు కథలలో నాలుగు మార్గములు త్రొక్కిన కర్తలకు సయితము మహిమకు తగిన చోటు ఒక్కమారు నిశ్చయము కాలేదన్నమాట. నిర్వహణసంధియం దద్భుతరస ముండవలెనని భరతుడు చెప్పినాడు గనుక తుదను వింత వచ్చుట తప్పుగాదు. ముఖసంధియందు బీజము లేక వచ్చుటయే తప్పు. మొదటి క్రీడకు తగులు దోషము పలనాటి కథకు తగులదు. గుత్తికొండ బిలమునకు బీజము బ్రహ్మనాయుని పుట్టుకనాడే పడినది.

పలనాటి కథకు తగులు దోషము వేఱొకటి కలదు. దానిని దాచుట న్యాయము గాదు. బ్రహ్మనాయుని దైవత్వమును గాయకులు మాటిమాటికి చాటుదురు గాని, కోడిపోరుముందు నతని మనస్సులో నేమి జరిగెనో చెప్పరు. రాజ్యమును పందెమొడ్డు క్షణమున ధర్మరాజునకైన భారతకవి కొన్నిమాట లిచ్చెను. బ్రహ్మనాయునకు గాయకు లీయలేదు. మాల కన్నమదాసును కొడుకుగా చేకొని, చాపకూటిలో కులముల నొక్కపంక్తిని కూర్చుండబెట్టినవాడు, ఒక పుంజుమీద వారందరి బ్రతుకును పెట్టుటకు సమ్మతించిన కారణము కథలో కొఱతగానే యున్నది. దైవత్వము మలుపును విప్పలేదన్నది మెచ్చదగినదే. మలుపుముందలి మనస్సును కప్పివేసినదన్నది మాత్రము మెచ్చరానిది.

1947లోను, మరల 1966లోను ‘పల్నాటి యుద్ధం’ చలనచిత్రమై వచ్చినది. 1947 చిత్రమున గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు, కన్నాంబ నాగమ్మ. 1966 చిత్రమున నందమూరి తారకరామారావు, భానుమతి. ఉన్నవ లక్ష్మీనారాయణగారి నాటకమున కేకముగా ‘నాయకురాలు’ అనియే పేరు. రంగస్థలముగాని తెఱగాని కథను పట్టినపుడు నాగమ్మపాత్ర బ్రహ్మనాయునితో సమముగా పెరుగుచు వచ్చుట యాదృచ్ఛికము గాదు. దైవాంశ లేని యామె మనస్సును నటి విప్పి చూపగలదు. ఆతని మనస్సుపై గాయకులు కప్పిన వస్త్రము నట్లే యున్నది. ఆ వస్త్రము వీరవిద్యావంతుల పాఠము లన్నిటను నొకేరీతిగా నున్నదా, లేక యేదేని యొక పాఠమున కోడిపోరుముందు బ్రహ్మనాయుడు నోరు విప్పెనా యనునది, పాడువారు మిగిలియున్నప్పుడే, పంబ మ్రోతలో విని వ్రాసికొని పోల్చి చూడవలసిన పని.