తలుపు తీసిందెవరు?

నలభై దాటిన మగ రచయితలకి ఓ జబ్బుందండీ. కుర్రతనంలో బార్లకెళ్ళిన రోజుల్ని తలుచుకుని మురిసిపోతూ వ్యాసాలు రాస్తారు. మిత్రబృందం, ఉడకబెట్టిన శనగలు, అర్ధరాత్రిదాకా కవిత్వం! నేనూ నవ్వుకుంటూనే చదువుతాను. కానీ ప్రతి వ్యాసమూ బార్ మూసేవేళకి ఆగిపోతుంది. ఆ తర్వాత ఇంటికెళ్ళి తలుపు కొట్టాలి కదా, తీసిందెవరో ఒక్కరూ రాయరు.

1953 నాటి 'దేవదాసు'ని ఇందుకే నేను పూర్తిగా తిట్టలేను. వేదాంతం రాఘవయ్యగారు కథని సీసా దగ్గర ఆపలేదు, పార్వతి గుమ్మందాకా తీసుకెళ్ళారు. మనవాళ్ళు సీసాని గుర్తుపెట్టుకుని గుమ్మాన్ని మరిచిపోయారు, అంతే.

నేను మాత్రం తక్కువదాన్నా? నా నవల్లోనూ ఓ బార్ సీనుంది. బార్ చూసి రాసింది కాదు, అక్కినేని కళ్ళు చూసి రాసింది. ఏటూరునాగారంలో మా పక్కింటావిడ ఇప్పపూలు ఎండబోస్తూ అడిగింది: "వదినె, నీ హీరో ముచ్చటగ తాగిండు గని, ఇంటికొచ్చినంక గూడ గట్లనే ఉంటడా?"

జవాబు చెప్పలేకపోయాను. చిన్నప్పుడు మా ఇంట్లో తలుపు తీసింది అమ్మ. వెనకాల లాంతరు పట్టుకున్నది నేను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు రాత్రిబడి వాచకంలో సారా పాఠం చదివి కొట్టు మూయించారు. మరుసటి ఏడాదే సారాపై నిషేధం వచ్చింది. ఆ పాఠంలో అందమైన కళ్ళెవరికీ లేవు.

నవల రెండో ముద్రణ కొస్తోంది. బార్ సీను తీసెయ్యలేదు. దాని వెనకే తలుపు చప్పుడొకటి చేర్చాను. లాంతరు ఎవరి చేతికివ్వాలో ఇంకా తేల్చుకోలేదు.