నవాబు జోడు - మా పాదం

హైదరాబాదు నిజాంల మీద తెలుగులో ఏ ఆదివారం అనుబంధం తిరగేసినా ఒక జోడు తప్పకుండా కనిపిస్తుంది. జాకబ్ అనే వర్తకుడు తెచ్చిన వజ్రం, 184 కారెట్ల పైచిలుకు. 1891లో దాని మీద కలకత్తా కోర్టులో వ్యాజ్యం నడిచి ఆఖరికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికొచ్చింది. ఆయన 1911లో చనిపోయాక చౌమహల్లాలో ఆయన జోడు ముందుకొసలో అది దొరికిందనీ, కొడుకు ఉస్మాన్ అలీఖాన్ దాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడనీ కథ. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకు కొన్న నిజాం నగల్లో ఆ వజ్రమూ ఉంది.

ఈ కథ ఎవరు రాసినా రెండే రసాలు. ఒకటి నోరూరడం, రెండోది నవ్వడం. వజ్రం దొరికిన జోడు ఎవరు కుట్టారని మాత్రం ఎవ్వరూ అడగరు. తోలు ఏ లందలో నానింది, తంగేడు చెక్క ఎవరు దంచారు, ఆరె పట్టి ఎవరు పొడిచారు? కథ రాయికి సంబంధించింది, తోలుకు కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. కథ అయిపోయాక వినేవాడి చూపు మెల్లగా మావైపు తిరుగుతుంది. చిన్నప్పుడు బళ్ళో ఒక సారు ఈ ముచ్చట చెప్పి, క్లాసంతా నవ్వాక, "మీ నిజాం కదరా" అన్నారు మమ్మల్ని చూసి. ఆ రోజు మా కాళ్ళకు టైరు చెప్పులు కూడా లేవు. అబ్బా బండల గనికి పోయే పూట మాత్రం ఇంట్లో ఉన్న ఒక్క జత ఆయన వేసుకుపోయేవాడు.

నవ్వును పక్కన పెడదాం. దర్బారులో జోడు ఏం పని చేసేదో చూస్తే కథ వేరే తీరుగా కనిపిస్తుంది. అక్కడ జోడు వస్తువు కాదు, సరిహద్దు. ఎవరు ఎక్కడ విడవాలి, ఎవరు తొడుక్కుని లోపలికి రావచ్చు అన్నదే రాజ్యం. హైదరాబాదు దర్బారుకొచ్చే ఇంగ్లీషు రెసిడెంటు కూడా 1869 దాకా బూట్లు విడిచి, తివాచీ మీద కూచోవలసిందే. ఆ ఏడు అఫ్జలుద్దౌలా చనిపోయాడు. గద్దెనెక్కిన మహబూబ్ అలీఖాన్‌కు ఇంకా మూడేళ్ళు నిండలేదు. రెసిడెంటు సాండర్స్ అదే అదునుగా పట్టు పట్టాడు. ఇంగ్లీషు దొరలు బూట్లతోనే వస్తారు, కుర్చీల మీదే కూచుంటారు. అట్లాగే జరిగింది. తుపాకీ పేల్చకుండా, ఒక్క ఊరు కాల్చకుండా హైదరాబాదు రాజ్యం ఎవరి కింద ఉందో తివాచీ మీది బూటు అచ్చు చెప్పింది. ఆరేళ్ళ తర్వాత, 1875లో, బర్మా రాజు మిండాన్ దర్బారు దగ్గరా తెల్లవాళ్ళది ఇదే పేచీ.

మరి ఆ పసివాడే పెద్దవాడై పురానీ హవేలీలో 240 అడుగుల పొడవున బీరువాలు కట్టించుకుని, తొడిగింది మళ్ళీ తొడగకుండా బతికాడంటారు. సొంత దర్బారులో ఇంకొకడి బూటును ఆపలేని రాజుకు బట్టలూ జోళ్ళూ తప్ప చూపించుకోను ఇంకేం మిగిలింది? ఆ 240 అడుగులను మేము వైభవం అని చదవలేకపోతున్నాం. కొడుకు ఇంకో దారి తొక్కాడు. 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక లోకంలోకెల్లా ధనవంతుడని అట్ట మీద వేసిన ఉస్మాన్ అలీఖాన్ పాత చెప్పులతో తిరిగేవాడని చూసినవాళ్ళు రాశారు. పిసినారితనం అన్నారు దాన్ని. పాత చెప్పులతో తిరిగే ధీమా అంత ఆస్తి ఉన్నవాడికే ఉంటుంది. లేనివాడు పెళ్ళికి పోవాలంటే పక్కింట్లో జోడు అడుక్కుంటాడు.

మా వికారాబాదుకు పేరిచ్చింది కూడా ఒక నవాబే. పాయెగా అమీరు వికారుల్ ఉమ్రా. ఫలక్‌నుమా కట్టించి 1897లో నిజాంకు సమర్పించుకున్నవాడు, 1893 నుంచి 1901 దాకా దీవాను. అసలు పలుకు వఖార్. అంటే గౌరవం, హుందాతనం. మన నోళ్ళలో అది వికార్ అయ్యింది, అక్కడినుంచి తెలుగు వికారానికి ఎంతో దూరం లేదు. ఊరి పేరు మీద హాస్యాలాడేవాళ్ళకు మేము ఈ అర్థం చెప్తూనే ఉంటాం. చెప్తూ చెప్తూ అనుమానమొస్తుంది: ఆ హుందాతనం ఎవరిది? జాగీరు రైతుదా, అనంతగిరి అడవిలో కట్టెలు కొట్టినవాడిదా? 2016లో వికారాబాదు జిల్లా కూడా అయ్యింది. నవాబు గౌరవం జిల్లాకు దక్కింది. ఆ మాటలో మా వాటా ఇంకా తేలలేదు.

పోతే గడీలు. నిజాం జోడు పట్నంలో ఉంటే, పల్లెలో దొర కిర్రుచెప్పులున్నాయి. ఆ కిర్రుమన్న చప్పుడు వినబడితే అరుగుల మీది మనుషులు లేచి నిలబడాలి. మాల మాదిగలు, చాకలి మంగళ్ళు గడీ ముందునుంచి పోతే చెప్పులు చేతబట్టుకోవాలి. బాంచన్ కాల్మొక్త అన్న మాట ఆ చెప్పుల ఎత్తునుంచే పుట్టింది. ఆ దేశ్‌ముఖులు, జాగీర్దారుల్లో రెడ్లు, వెలమలు, బ్రాహ్మలు, ముస్లిములు అందరూ ఉన్నారు. పీడించే చెప్పుకు మతం లేదు. కానీ మన సాహిత్యం ఏం చేసింది? గడీ ముందు చెప్పులు విప్పిన బాధను గొప్పగా రాసింది, దానికి సలాం. అదే సాహిత్యం, దాని తర్వాత సినిమా, దౌర్జన్యానికి బొమ్మ గీయాలంటే మాత్రం షేర్వానీ, రూమీ టోపీ, ముక్కు పైకి తిరిగిన జోడు వెతుక్కుంటుంది. దొర చెప్పు దొరదిగానే ఉండిపోయింది. నవాబు జోడు మాత్రం మా కౌమ్ అందరి కాళ్ళకూ తొడిగేశారు.

తొడిగించుకున్నది మేం కూడా. ఇది దాచుకుని లాభం లేదు. అనల్ మాలిక్, నేనే రాజును, అని బహాదుర్ యార్ జంగ్ కాలంలో మజ్లిస్ ఇచ్చిన నినాదం మా తాతల చెవుల్లో తీయగా మోగింది. టాంగా తోలేవాడు, బీడీలు చుట్టేవాడు, గనిలో రాయి పగలగొట్టేవాడు ఆ ఒక్క మాటతో ఊహల్లో సలీంషాహీ జోడు తొడిగాడు. కొందరు రజాకార్లై పల్లెల మీద పడ్డారు కూడా. ఆ పాపం చరిత్రలో ఉంది, ఉండాలి. కానీ లెక్క తీరినప్పుడు ఎవరు కట్టారు? 1948 సెప్టెంబరులో పోలీసు చర్య అయ్యాక జరిగిన హత్యల మీద పండిత్ సుందర్‌లాల్ బృందం తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చచ్చిపోయారని రాసింది. అన్నిటికన్నా దెబ్బతిన్న నాలుగు జిల్లాల్లో గుల్బర్గా ఒకటని చెప్పింది. మా తాండూరు, కొడంగల్ తాలూకాలు 1956 దాకా ఆ గుల్బర్గా కిందివే. ఆ నివేదిక జనం కంటబడింది 2013లో. జోడు నిజంగా తొడుక్కున్నాయన? 1950 నుంచి 1956 దాకా రాజ్‌ప్రముఖ్. రాజరికం ఆయనది, దాని శిక్ష టాంగావాలాది.

జోడు గద్దెనెక్కిన కథ మా చుట్టుపక్కల అందరికీ తెలుసు. భరతుడు రాముడి పాదుకలను సింహాసనం మీద పెట్టి పద్నాలుగేళ్ళు ఏలాడు. మాకు అంతకన్నా దగ్గరిది కళ్యాణంలో జరిగింది. బీదర్ జిల్లా బసవకళ్యాణ్, తాండూరు జనం మాట కలిసే సీమ. పన్నెండో శతాబ్దంలో అక్కడ హరళయ్య, కళ్యాణమ్మ అనే చెప్పులు కుట్టే దంపతులు తమ తొడల తోలుతో బసవన్నకు చెప్పులు కుట్టారని శరణులు చెప్పుకుంటారు. బసవన్న వాటిని తొడగలేదు, అంత అర్హత తనకు లేదన్నాడట. రాముడి పాదుకలో మేం చూసేది లేని రాజు బరువు. హరళయ్య చెప్పులో కుట్టినవాడి ఒళ్ళుంది. ఆ హరళయ్య కొడుక్కు బ్రాహ్మణుడైన మధువరసు కూతుర్నిచ్చి పెళ్ళి చేస్తే బిజ్జలుడు పెద్దలిద్దర్నీ చంపించాడు. చెప్పులను పొగిడిన రాజ్యం పెళ్ళిని ఓర్చుకోలేదు.

ఇది వాళ్ళ కులం గొడవ, మనకేం అని మాలో కొందరంటారు. ప్రవక్త తన చెప్పు తానే కుట్టుకునేవారని ఆయిషా చెప్పిన హదీసు ప్రతి మౌల్వీకీ వచ్చు. తువా లోయలో జోళ్ళు విడవమని మూసాకు వచ్చిన ఆజ్ఞ అల్లా ముందు మాటే తప్ప ఏ నవాబు ముందో కాదని ఖురాన్ ఇరవయ్యో సూరా చదివినవాళ్ళకు తెలుసు. అయినా మా ఇళ్ళల్లో సయ్యదూ పఠానూ షజ్రాలు తీస్తారు. దూదేకులకు, కటికోళ్ళకు, ఫకీర్లకు, మోచీలకు పిల్లనివ్వాలంటే గొంతు సవరించుకుంటారు. పెద్దల సేవకు మా ఉర్దూలో జూతియాఁ సీధీ కర్నా అనే నుడికారం ఉంది, అంటే జోళ్ళు సరిగ్గా పేర్చడం. అదబ్ కింద నేర్పిన ఈ మాటలో ఎవరివి పేర్చాలో ఎవరు పేర్చాలో ముందే రాసి ఉంది.

తాండూరులో జుమ్మా నాడు మసీదు మెట్ల మీద జోళ్ళన్నీ కలగలిసి పడి ఉంటాయి. బూట్లు, హవాయి చెప్పులు, పాలిషు పట్టే చోటు నుంచి తెల్లటి రాతి బురదతో వచ్చినవి. మెట్లు మా నీలం బండలే. ఎండకు అరికాలు అంటుకుపోతుంది, అందరూ గబగబా లోపలికి ఉరుకుతారు. రోడ్డు పక్క గొడుగు కింద చెప్పులు కుట్టే మా మనిషొకాయన రంపె, ఆరె సంచిలో వేసి, వజూ చేసుకుని చివరి వరసలో నిలబడతాడు. సలాం తిప్పగానే ముందు లేచి బయటికొచ్చేదీ ఆయనే. అప్పటికే గొడుగు దగ్గర తెగిన పట్టీ చేతబట్టుకుని ఎవరో నిలబడి ఉంటారు.