ఊరుకోవడం తెలిసిన గొంతు

ఐపీఎల్ రాత్రుల్లో దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో, ఎల్బీనగర్ టీ కొట్లలో టీవీ మోగుతూనే ఉంటుంది. ఉప్పల్ స్టేడియం దగ్గరే. అయినా ఎక్కువమందికి ఆట అందేది వ్యాఖ్యాత గొంతులోనే. ఆ పనిలో మేటి హర్షా భోగ్లే మన హైదరాబాదీ. ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్ చదివారు, 19 ఏళ్లకే ఆకాశవాణిలో మైకు పట్టారు.

రేడియోలో మైదానమంతా మాటలతోనే చూపించాలి. టీవీలో బొమ్మ ఎదుటే ఉంటుంది కాబట్టి అందులో కనిపించనిది చెప్పాలి: ఫీల్డర్‌ను ఎందుకు జరిపారు, బౌలర్ మనసులో ఏముంది. చెవిలో ప్రొడ్యూసర్ మాట్లాడుతున్నా వాక్యం తడబడకూడదు. బంతి బౌండరీ దాటాక జనం హోరుకు చోటిచ్చి ఊరుకోవాలి. నా దృష్టిలో అన్నిటికన్నా కష్టం అదే. భోగ్లే టెస్టులు ఆడినవారు కారు. పక్కనున్న మాజీ ఆటగాణ్ణి సరైన ప్రశ్న అడిగి, అతని అనుభవాన్ని మనకు పంచుతారు.

అలాంటి మనిషిని 2016 ఏప్రిల్‌లో, ఐపీఎల్ మొదలయ్యే ముందు వ్యాఖ్యాతల జట్టు నుంచి తప్పించారు. బీసీసీఐ కారణం బయటికి చెప్పలేదు. 2020లో మరో వ్యాఖ్యాత సంజయ్ మంజ్రేకర్‌నూ పక్కనపెట్టింది. ఈ వేటు విమర్శకే అయితే ఒక ప్రశ్న మిగులుతుంది: ఆటలో తప్పును తప్పనే హక్కు వ్యాఖ్యాతకు లేకపోతే, ఆయన మెచ్చుకోలును ఎవరు నమ్ముతారు? ఇద్దరూ మళ్లీ మైకు ముందుకొచ్చారు. భోగ్లే గొంతు వినిపిస్తే నేనిప్పటికీ టీవీ సౌండు పెంచుతాను.