నేల నుంచి పుట్టే గుద్దు

1919 జులై 4, అమెరికాలోని టొలీడో నగరం. హెవీవెయిట్ ఛాంపియన్ జెస్ విలర్డ్ ఆరున్నర అడుగుల మనిషి, బరువు 245 పౌండ్లు. ఎదురుగా ఉన్న జాక్ డెంప్సీ అతనికంటే దాదాపు 60 పౌండ్లు తక్కువ తూగుతాడు. మొదటి రౌండ్‌లోనే విలర్డ్ ఏడుసార్లు కిందపడ్డాడు. మూడో రౌండ్ ముగిశాక ఇక స్టూలు మీంచి లేవలేదు.

ఆ బలం ఎక్కడిదో డెంప్సీ 1950లో పుస్తకం రాసి మరీ చెప్పాడు. ముందున్న కాలిని నేల నుంచి కాస్త లేపితే ఒళ్లు ముందుకు తూలుతుంది. ఆ కాలు మళ్లీ నేలకు ఆనేలోపు తూలిన బరువంతా పిడికిలిలోంచి అవతలివాడికి చేరిపోవాలి. రోకలితో దంచినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. రోకలిని చేత్తో నొక్కరు, దాని బరువును పడనిస్తారు, చెయ్యి దారి చూపిస్తుంది అంతే. పక్కనుంచి తిప్పి కొట్టే హుక్‌లో తూలడం కన్నా తిరగడం ముఖ్యం. పాదం తిరుగుతుంది, దానితో నడుము, నడుముతో భుజం, ఆఖరున వంచిన మోచెయ్యి. పిడికిలి తగిలేదాకా చెయ్యి వదులుగానే ఉండాలి, తగిలే క్షణంలో బిగుసుకోవాలి. ముందే బిగిస్తే వేగం చచ్చిపోతుంది. కండలు తిరిగిన ప్రతివాడూ నాకౌట్ వీరుడు కాలేకపోవడానికి కారణం ఇదే.

బలమైన గుద్దు ఏ ఒక్క దేశం సొత్తూ కాదు. స్వీడన్ వీరుడు ఇంగెమార్ జొహాన్సన్ 1959లో తన కుడిచేత్తో ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ను మూడో రౌండ్‌లో ఏడుసార్లు పడగొట్టి ప్రపంచ టైటిల్ పట్టుకుపోయాడు. పోర్టోరికో బాక్సర్ విల్ఫ్రెడో గోమెజ్ వరసగా 17 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు, పదిహేడూ నాకౌట్లే. కానీ గుద్దును ఒక సంప్రదాయంగా పెంచింది మాత్రం మెక్సికో అని నా నమ్మకం.

అక్కడి గురి దవడ కన్నా కాలేయం మీద ఎక్కువ. కాలేయం కుడివైపు, పక్కటెముకల అంచు కింద ఉంటుంది. ఎడమ కాలు ముందుకు పెట్టి నిలబడేవాడి ఎడమ హుక్‌కు అది సరిగ్గా ఎదురు. దెబ్బ తగిలాక ఒక క్షణం ఏమీ జరగదు. తర్వాత రక్తపోటు పడిపోతుంది, ఊపిరి అందదు, కాళ్లు మాట వినవు. మనసు మేలుకునే ఉంటుంది, రిఫరీ అంకెలు లెక్కపెట్టడం వినిపిస్తూనే ఉంటుంది, ఒళ్లు మాత్రం లేవదు. హూలియో సీజర్ చావెజ్ ఈ దెబ్బకు గురువులాంటివాడు. మీదమీదకు వెళ్లి, అవతలివాడి మోచేతులు పైకి లేచేలా తలకు కొట్టి, తెరుచుకున్న పక్కటెముకల్లోకి హుక్ దించేవాడు. దీనికి ఓర్పు కావాలి, రౌండ్లు కావాలి. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ ప్రపంచ విజేతగా నిలిచిన ఒలింపిక్ తరహా పోటీల్లో ఉండేవి మూడే రౌండ్లు. అక్కడ శుభ్రంగా తగిలిన దెబ్బల లెక్కే ముఖ్యం. పన్నెండు రౌండ్ల ప్రొఫెషనల్ పోటీలో మాత్రం మూడో రౌండ్‌లో కడుపుకు తగిలిన గుద్దు తొమ్మిదో రౌండ్‌లో కాళ్లను లాగేస్తుంది.

ఆ హుక్‌ను ఈ కాలంలో అందరికన్నా అందంగా వేస్తున్నది జపాన్ బాక్సర్ నవోయా ఇనోవె. 2019 నవంబరులో సైతామాలో నోనిటో డోనైర్ మీద గెలిచేటప్పటికి అతని విభాగం బరువు పరిమితి 118 పౌండ్లు, అంటే 54 కిలోల లోపు. పదకొండో రౌండ్‌లో హుక్ తగలగానే డోనైర్ ప్రత్యర్థికి వీపు చూపించి రింగ్‌లో నడిచి, మోకాళ్ల మీద కూలబడ్డాడు. బరువుకు తగ్గ బలం లెక్కలో ఇనోవెను నేను చాలామంది హెవీవెయిట్లకన్నా పైన పెడతాను.

ఒక్క గుద్దు అంటే మాత్రం వర్జిన్ దీవుల జూలియన్ జాక్సన్‌దే. 1990 నవంబరులో స్పెయిన్‌లో హెరాల్ గ్రేహమ్ అతణ్ని మూడు రౌండ్లూ ఆడించాడు. జాక్సన్ కన్ను వాచి మూసుకుపోతోంది. డాక్టర్ పోటీని ఆపేసేలా ఉన్నాడు. నాలుగో రౌండ్‌లో గ్రేహమ్ ముగించేద్దామని మీదకొచ్చాడు, జాక్సన్ కుడిచెయ్యి విసిరాడు. నేల తాకకముందే గ్రేహమ్‌కు స్పృహ లేదు. వస్తున్నవాడి వేగం కొట్టేవాడి వేగంతో కలిసింది. పైగా ఆ దెబ్బ వస్తోందని అతనికి తెలియదు. తెలిస్తే మెడ బిగుస్తుంది. తెలియకపోతే తల గిర్రున తిరిగి మెదడు కదిలిపోతుంది.

ఈ విద్యను ఎంత ప్రేమించినా మెదడులోని ఆ కదలికను మరచిపోకూడదు. కెరీర్ మొత్తం మీద 74 విజయాల్లో 68 నాకౌట్లున్న ఎర్నీ షేవర్స్ 1977 సెప్టెంబరులో న్యూయార్క్‌లో మహమ్మద్ అలీతో తలపడ్డాడు. రెండో రౌండ్‌లో కుడిచేతి గుద్దుకు అలీ కాళ్లు తడబడ్డాయి. నిజంగా తగిలినదాన్ని నటనలా చూపించి షేవర్స్‌ను వెనక్కి తగ్గేలా చేశాడు. 15 రౌండ్లూ నిలబడి పాయింట్లతో గెలిచాడు. ఆ పోటీ తర్వాత అలీ వైద్యుడు ఫెర్డీ పచేకో ఇక చాలని చెప్పాడు. ఎవరూ వినకపోతే ఆ బృందాన్ని వదిలి వెళ్లిపోయాడు. అలీ 1981 దాకా ఆడుతూనే ఉన్నాడు. పార్కిన్సన్ లక్షణాలు ఉన్నట్టు 1984లో వైద్యులు తేల్చారు.